నెట్‌వర్క్ డ్రైవ్ మీద యాక్సెస్ డేటాబేస్: గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజి కేస్ స్టడీ

గుంటూరు పక్కన ఒక మిర్చి కోల్డ్ స్టోరేజిలో లాట్ల (రైతులు దించిన సరుకు బ్యాచీల) లెక్కంతా ఎంఎస్ యాక్సెస్ అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాసిన ప్రోగ్రాం మీద నడుస్తుంది. పేరు చెప్పను, అవసరం కూడా లేదు, ఎందుకంటే ఇదే సెటప్ మన దగ్గర రైస్ మిల్లుల్లో, మందుల హోల్‌సేల్ షాపుల్లో, కాలేజీల ఫీజు కౌంటర్లలో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఆఫీసులో ఒక కంప్యూటర్‌లో ఫోల్డర్ షేర్ చేస్తారు, అందులో డేటాబేస్ ఫైలు పెడతారు, మిగతా కంప్యూటర్లలో దాన్ని జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసి డెస్క్‌టాప్ మీద ఒక షార్ట్‌కట్ పెడతారు, అంతే. ఇద్దరు ముగ్గురు వాడినన్నాళ్లూ బాగానే నడుస్తుంది. ఇక్కడా అలాగే నడిచింది. 2024 సీజన్‌కి వచ్చేసరికి కంప్యూటర్లు ఎనిమిదయ్యాయి, ఫైలు 1.4 జీబీకి చేరింది, ఫిబ్రవరిలో సరుకు దిగడం మొదలయ్యాక ఫైలు పాడవడం రోజూ ఉండే తలనొప్పి అయింది. నన్ను పిలిచింది అప్పుడు.

ముందు ఇది ఎంత పెద్ద విషయమో చెప్పాలి. రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించి రసీదు తీసుకుని వెళ్తాడు. చాలామంది ఆ రసీదు మీద బ్యాంకులో అప్పు తీసుకుంటారు. రేటు బాగుందని నాలుగు నెలల తర్వాత వచ్చి లాట్ నంబరు చెప్తే, కంప్యూటర్‌లో ఆ లాట్ లేదంటే అతని పరిస్థితి ఏంటి? సరుకు లోపలే ఉంటుంది. కానీ ఏ ఛాంబరు, ఏ అంతస్తు, ఏ వరస అన్నది లెక్కలో ఉంటేనే హమాలీలు తీసుకురాగలరు. వేల టిక్కీల మధ్య, అదీ చలిలో, గుర్తు లేకుండా వెతకడం అయ్యే పని కాదు. కాబట్టి "సాఫ్ట్‌వేర్ కొంచెం మొరాయిస్తోంది" అన్నట్టు చూడాల్సిన సమస్య కాదిది, రైతు ఏడాది కష్టం ఆ ఫైల్లో ఉంది.

రిపేర్ చేశాం కదా అనుకున్నది

నేను వెళ్లేసరికి వాళ్లకో పద్ధతి అలవాటైపోయింది. ఎవరి స్క్రీన్ మీదైనా "నెట్‌వర్క్ యాక్సెస్ ఇంటరప్ట్ అయింది" అని 3043 ఎర్రర్‌గానీ, "గుర్తించలేని డేటాబేస్ ఫార్మాట్" అని 3343 ఎర్రర్‌గానీ వస్తే గట్టిగా అరుస్తారు, అందరూ ప్రోగ్రాం మూసేస్తారు, గుమస్తా గారు ఫైలుని సరిచేయడానికి యాక్సెస్‌లోనే ఉండే కాంపాక్ట్ అండ్ రిపేర్ నొక్కుతారు, రెండు మూడు నిమిషాల్లో ఫైలు తెరుచుకుంటుంది, మళ్లీ పని మొదలు.

"రిపేర్ అయితే అయిపోతుందండీ, కాకపోతే ఒక్కోసారి పొద్దున ఎక్కించిన లాట్ సాయంత్రం కనపడట్లేదు" అన్నారాయన. ఇంకో మాట కూడా చెప్పారు, ఇద్దరు రైతులకి ఒకే లాట్ నంబరు పడిందని, కాటా దగ్గర గొడవైందని.

ఈ రెండు ముక్కలూ వినగానే నేను చూసింది ఫైలు లోపలున్న ఒక టేబుల్. కాంపాక్ట్ అండ్ రిపేర్ చేసేటప్పుడు యాక్సెస్‌కి ఏదైనా సరిగ్గా తేలకపోతే ఎంసిస్ కాంపాక్ట్ ఎర్రర్ అనే టేబుల్ ఒకటి తయారుచేసి, ఏ టేబుల్లో ఏం వదిలేసిందో అందులో రాసిపెడుతుంది. ఎవరికీ మెసేజ్ బాక్స్ పెట్టి చెప్పదు. అందులో లాట్ల టేబుల్ పేరు పదే పదే ఉంది. టేబుల్ డిజైన్ తెరిచి చూస్తే ప్రైమరీ కీ, అంటే ఒకే నంబరు రెండుసార్లు పడకుండా ఆపే ఏర్పాటు, లేదు. ప్రోగ్రాం రాసినాయన పెట్టాడు, పాత బ్యాకప్ కాపీలో ఉంది కూడా. జరిగిందేంటంటే, ఒకసారి ఫైలు దెబ్బతిన్నప్పుడు ఇండెక్స్ (ఏ రికార్డు ఎక్కడుందో చూపించే సూచిక) ఒక మాట, డేటా ఒక మాట చెప్పాయి, రిపేర్ ఆ ఇండెక్స్‌ని మళ్లీ కట్టబోతే ఒకే నంబరుతో రెండు రికార్డులు తగిలాయి, ఇక అది ఇండెక్స్‌నే వదిలేసి ముందుకెళ్లింది. ఆ రోజు నుంచి డూప్లికేట్ నంబర్లని ఆపే కాపలాదారు లేడు. అంటే ఒక రిపేర్ తర్వాతి గొడవలన్నిటికీ తలుపు తీసింది. రిపేర్ అయింది అంటే ఫైలు తెరుచుకుంటోంది అని మాత్రమే అర్థం. డేటా అంతా ఉందని గ్యారంటీ ఏమీ లేదు. ఈ మాట నేను వెళ్లిన ప్రతి ఆఫీసులో చెప్తాను.

అందుకే ముందు చేయించింది ఒకటే: రిపేర్ నొక్కే ముందు పాడైన ఫైలుని అలాగే ఒక కాపీ తీసి, తేదీ టైము పేరులో పెట్టి, పక్కన దాచడం. పాడైన ఫైల్లోంచి రాబట్టగలిగేది రిపేర్ అయ్యాక రాబట్టలేకపోవచ్చు.

రాబట్టిన పద్ధతి కూడా చెప్తాను. కొత్త ఖాళీ డేటాబేస్ తెరిచి టేబుళ్లన్నీ ఒక్కొక్కటిగా ఇంపోర్ట్ చేశాం. రైతుల టేబుల్, రేట్ల టేబుల్ శుభ్రంగా వచ్చాయి. లాట్ల టేబుల్ మధ్యలో ఆగిపోయింది. దాన్ని నంబర్ల వారీగా ముక్కలు చేసి అపెండ్ క్వెరీతో (రికార్డుల్ని ఇంకో టేబుల్లోకి చేర్చే కమాండ్) తెచ్చుకుంటూ, ఎక్కడ ఆగితే అక్కడ ముక్కని సగం చేసుకుంటూ వెళ్తే చివరికి పాడైన రికార్డులు కొన్నే తేలాయి. వాటిల్లో కొన్ని అన్ని గడుల్లోనూ "డిలీటెడ్" అని చూపించాయి. కొన్నిటిలో మిగతా గడులన్నీ బానే ఉన్నాయి, రిమార్కుల గడిలో మాత్రం చైనీస్ అక్షరాల్లాంటివి వరసగా. మెమో ఫీల్డులో (పొడుగు రాతల గడి) రాసింది మిగతా రికార్డుతో కలిపి ఉండదు, పెద్దదైతే వేరే పేజీలో ఉంటుంది, రికార్డులో దాని అడ్రస్ మాత్రమే ఉంటుంది. ఆ అడ్రస్ తప్పితే ఇలా చెత్త కనిపిస్తుంది. పోయినవాటిని కాటా చీటీలూ గేటు రిజిస్టరూ పక్కన పెట్టుకుని గుమస్తా గారే కూర్చుని ఎక్కించారు. కాగితం మీద రాయడం మానెయ్యకపోవడం వల్ల ఆ సీజన్ బయటపడింది, లేకపోతే నా క్వెరీలు ఏం చేయగలిగేవి కావు.

అసలు లోపల ఏం జరుగుతోంది

చాలామంది ఓనర్లకి, కొంతమంది ప్రోగ్రామర్లకి కూడా ఇక్కడే తేడా కొడుతుంది. ఫైలు ఉన్న కంప్యూటర్‌ని అందరూ "సర్వర్" అంటారు. అది సర్వర్ కాదు. డేటాబేస్ పని అది ఒక్కటి కూడా చేయదు. ఫైల్లో ఫలానా చోటి నుంచి ఇన్ని బైట్లు ఇవ్వు అంటే ఇస్తుంది, ఇక్కడ ఇవి రాయి అంటే రాస్తుంది. అవి లాట్ల లెక్కలో, పెళ్లి ఫొటోలో దానికి తెలియదు. వెతకడం, ఇండెక్స్ మార్చడం, లాక్ వెయ్యడం, ఇవన్నీ చేసేది ప్రతి కంప్యూటర్‌లో విడివిడిగా నడుస్తున్న యాక్సెస్ ఇంజిన్. పాత ఫైళ్లకి జెట్, 2007 నుంచి ఏస్. ఎనిమిది మంది వాడుతున్నారంటే ఎనిమిది ఇంజిన్లు ఒకే ఫైలుని తలోవైపు నుంచి రాస్తున్నాయని. ఎనిమిది మంది గుమస్తాలు ఒకే చిట్టా పుస్తకాన్ని చేతులు మార్చుకుంటూ రాస్తున్నట్టు అనుకోండి, వాళ్లలో ఒకడు లైను మధ్యలో లేచిపోతే పుస్తకం అందరికీ చెడుతుంది.

ఫైలు 4 కేబీ పేజీలుగా ఉంటుంది. మీరు ఒక లాట్ సేవ్ చేస్తే డేటా పేజీ ఒకటి, దాని ఇండెక్సుల పేజీలు రెండు మూడు, రిమార్కులుంటే ఇంకో పేజీ, ఇన్ని చోట్ల రాయాలి. అన్నీ కేబుల్ మీదుగా ఒకదాని తర్వాత ఒకటి వెళ్తాయి. మధ్యలో లైను తెగితే కొన్ని రాసి ఉంటాయి, కొన్ని ఉండవు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లాంటి అసలైన డేటాబేస్ సర్వర్లకి ట్రాన్సాక్షన్ లాగ్, అంటే ప్రతి మార్పునీ ముందే రాసుకునే చిట్టా, ఉంటుంది, కరెంటు పోయి వచ్చాక అది చూసుకుని సగంలో ఆగినదాన్ని వెనక్కి తీసేస్తాయి. యాక్సెస్ ఫైలుకి అలాంటి లాగ్ లేదు. సగం రాత సగంగానే ఉండిపోతుంది. యాక్సెస్ తన మాన్యువల్లో ఒకేసారి 255 మంది వరకు వాడొచ్చంటుంది, ఫైలు 2 జీబీ దాకా పెరగొచ్చంటుంది, రెండూ నిజమే, కానీ ఆ అంకెలు నెట్‌వర్క్ ఒక్కసారి కూడా తెగదు అనుకుంటేనే.

ఇంకో అపోహ కూడా తీసెయ్యాలి. "ఒక్క రికార్డు కావాలన్నా యాక్సెస్ మొత్తం టేబుల్ లాగుతుంది" అని చెప్తుంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఇండెక్స్ ఉన్న ఫీల్డు మీద వెతికితే ఆ ఇండెక్స్ పేజీలు కొన్ని, డేటా పేజీ ఒకటి వస్తాయంతే. కానీ ఇక్కడ రైతుని వెతికే స్క్రీన్‌లో పేరు ముందూ వెనకా స్టార్లు పెట్టి వెతుకుతున్నారు, అలాంటప్పుడు ఇండెక్స్ పనికిరాదు, అప్పుడు మాత్రం మొత్తం టేబుల్ తీగ మీదుగా వచ్చి పడుతుంది. పేరులో మొదటి అక్షరాలు కొట్టి వెతికేలా మార్చిన రోజునే "ఏంటి, స్పీడయింది" అన్నారు.

ఎవరి వల్ల పాడవుతోంది

డేటాబేస్ తెరిచి ఉన్నంతసేపూ పక్కనే లాక్ ఫైలు ఒకటి ఉంటుంది, అదే పేరు, ఎక్స్‌టెన్షన్ మాత్రం వేరు. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే లోపలికి వచ్చిన కంప్యూటర్ల పేర్లు కనిపిస్తాయి. అయితే వెళ్లిపోయినవాళ్ల పేర్లు కూడా అందులో ఉండిపోతాయి కాబట్టి దాన్నే నమ్ముకోకూడదు. యాక్సెస్‌లో యూజర్ రోస్టర్ అని ఒకటి ఉంది, చిన్న వీబీఏ కోడ్‌తో (యాక్సెస్ లోపల రాసే ప్రోగ్రాం) అడిగితే నాలుగు గడులు ఇస్తుంది: కంప్యూటర్ పేరు, లాగిన్ పేరు, ఇప్పుడు కనెక్ట్ అయి ఉందా లేదా, చివరగా సస్పెక్ట్ స్టేట్. ఈ చివరి గడే మనకి కావాల్సింది. ఫైలుని సరిగ్గా మూయకుండా, రాత మధ్యలో ఎవరు మాయమయ్యారో అది పట్టిస్తుంది. ఆ కోడ్‌ని ఒక బటన్‌కి తగిలించి, ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ మూసేసే ముందు నొక్కి ప్రింట్ తీసి పెట్టమన్నాను.

ప్రింట్లు కొన్ని జమయ్యాక చూస్తే రెండు రకాలు తేలాయి. కొన్నిటిలో సస్పెక్ట్ ఒక్కటే, ఎప్పుడూ ఒకే పేరు, కాటా గదిలో ల్యాప్‌టాప్. కొన్నిటిలో మాత్రం సగానికి పైగా కంప్యూటర్లు ఒకేసారి.

కాటా గది ఆఫీసుకి దూరంగా గేటు దగ్గర ఉంది. అక్కడికి కేబుల్ లాగలేదు, వైఫై మీద నడుపుతున్నారు. లారీ కాటా మీదికి వచ్చి అడ్డంగా నిలబడితే సిగ్నల్ పడిపోతుంది. పైగా ల్యాప్‌టాప్ మూత మూస్తే నిద్రలోకి వెళ్లే సెట్టింగ్ అలాగే ఉంది. కుర్రాడు దుమ్ము పడకూడదని, ఎంట్రీకి ఎంట్రీకి మధ్య జాగ్రత్తగా మూత మూస్తున్నాడు. అతన్ని ఏమనగలం, వస్తువుని జాగ్రత్తగా చూసుకుంటున్నాడు. మూత మూసిన ప్రతిసారీ ఫైలు తెరిచి ఉన్న ఒక ఇంజిన్ మాటా పలుకూ లేకుండా మాయమవుతోంది.

ఒకేసారి అందరూ సస్పెక్ట్ అయ్యే రకం దొరకడానికి ఇంకొంచెం టైము పట్టింది. టైములు చూస్తే దాదాపు అన్నీ కరెంటు పోయిన టైములే. కానీ కంప్యూటర్లన్నిటికీ యూపీఎస్ ఉంది, ఒక్కటి కూడా ఆగలేదని అందరూ ప్రమాణం చేసి చెప్తున్నారు, అది నిజం కూడా. బీరువా వెనక గోడకి కొట్టిన, కంప్యూటర్లన్నిటి కేబుళ్లూ కలిసే నెట్‌వర్క్ స్విచ్ దగ్గరికి వెళ్లి వైరు పట్టుకుని వస్తే అది మామూలు ప్లగ్ పాయింట్‌లో ఉంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కాసేపు కంప్యూటర్లన్నీ బతికే ఉన్నాయి, వాటి మధ్య దారి మాత్రం చచ్చిపోతోంది. రాత మధ్యలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా ఫైలు వదిలేస్తున్నారు. కంప్యూటర్లకి యూపీఎస్ పెట్టి స్విచ్‌ని మరిచిపోవడం నేను చాలా చోట్ల చూశాను, మీ ఆఫీసులో కూడా లేచి వెళ్లి ఒకసారి చూడండి. మెయిన్ మీద ఉన్న కంప్రెసర్ మోటారు స్టార్టయినప్పుడు వోల్టేజి పడిపోయి ఆ స్విచ్ లైట్లు ఒక్కసారి ఆరి వెలగడం కూడా కళ్లారా చూశాం.

ఫైలు ఉన్న కంప్యూటర్ సంగతి వేరే. దాని మీద ఒకాయన కూర్చుని బిల్లులు కొడుతుంటాడు. అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అడిగితే ఒప్పుకుంటాడు, తన పని అయిపోతే షట్‌డౌన్ చేసి ఇంటికెళ్తాడు, లోపల ఇంకా ముగ్గురు ఎంట్రీలు చేస్తుండగానే.

సీజన్ మధ్యలో చేసినవి

సరుకు దిగుతున్న టైములో ప్రోగ్రాం మొత్తం మార్చడం తెలివైన పని కాదు. ఓనరు గారు "ఏదో ఒకటి చెయ్యి తమ్ముడూ, మిర్చి యార్డుకి సెలవులిచ్చేదాకా మాత్రం నడవాలి" అన్నారు. కాబట్టి ఫైలుని ఫైలుగానే ఉంచి, ప్రమాదం తగ్గించాం.

స్విచ్‌కి చిన్న యూపీఎస్ విడిగా పెట్టించాం. అన్నిటికంటే చవకగా అయిన పని అది, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది కూడా అదే. ఫైలు ఉన్న కంప్యూటర్ మీంచి ఆయన్ని లేపి వేరే దాని మీద కూర్చోబెట్టాం, దానికి స్లీప్ తీసేశాం, నెట్‌వర్క్ కార్డు కరెంటు ఆదా కోసం ఆగిపోయే సెట్టింగ్ తీసేశాం, అప్‌డేట్ల టైము రాత్రికి మార్చాం.

డేటాబేస్‌ని రెండు ముక్కలు చేశాం. టేబుళ్లు మాత్రమే ఉన్న బ్యాకెండ్ షేర్‌లో ఉంటుంది. ఫారాలూ రిపోర్టులూ కోడూ ఉన్న ఫ్రంటెండ్ ప్రతి కంప్యూటర్ సొంత డిస్కు మీద ఉంటుంది. అంతకుముందు ఎనిమిది మందీ ఒకే ఫైల్లోని ఒకే ఫారాన్ని తీగ మీదుగా తెరుస్తున్నారు, అది అసలు చేయకూడని పని. ఫ్రంటెండ్ మారిస్తే అందరి దగ్గరికీ వెళ్లి కాపీ చేయక్కర్లేకుండా షార్ట్‌కట్‌లో ఒక బ్యాచ్ ఫైలు పెట్టాను, తెరిచిన ప్రతిసారీ కొత్త కాపీ తెచ్చుకుని తెరుచుకుంటుంది. జెడ్ డ్రైవ్ తీసేసి లింకులన్నిటికీ కంప్యూటర్ పేరుతో మొదలయ్యే పూర్తి దారి ఇచ్చాం. ఒకరికి జెడ్, ఇంకొకరికి వై అయిన గొడవ దాంతో పోయింది. షేర్ ఫోల్డర్‌లో అందరికీ రాసే, సృష్టించే, తీసేసే హక్కులు మూడూ ఉన్నాయో లేదో చూశాం, ఎందుకంటే లాక్ ఫైలుని తయారుచేసేదీ తీసేసేదీ ఆ యూజర్ హక్కులతోనే.

రైతుల ఆధార్ స్కానింగులు ఫైలు లోపలే పెడుతున్నారు. 1.4 జీబీలో ఎక్కువ భాగం అదే. ఆ బొమ్మల్ని మామూలు ఫోల్డర్‌లోకి తీసి, టేబుల్లో దారి మాత్రం ఉంచి కాంపాక్ట్ చేస్తే ఫైలు 200 ఎంబీ లోపుకి వచ్చింది.

కాటా గదికి ఆ వారంలో కేబుల్ లాగడం కుదరలేదు. అక్కడ రిమోట్ డెస్క్‌టాప్ వాడాం. ఆఫీసులో ఖాళీగా ఉన్న ఒక పాత విండోస్ ప్రో కంప్యూటర్‌ని కేబుల్‌తో స్విచ్‌కి కలిపి, కాటా ల్యాప్‌టాప్‌లోంచి దాని స్క్రీన్ చూస్తూ పని చేసేలా పెట్టాం. ఇప్పుడు వైఫై పోతే స్క్రీన్ ఆగుతుంది, అంతే, యాక్సెస్ మాత్రం ఆఫీసులో కేబుల్ మీద క్షేమంగా నడుస్తూనే ఉంటుంది, మళ్లీ కలిస్తే ఆపిన చోటి నుంచే. ఒక కంప్యూటర్‌కి ఒకేసారి ఒక్కరే వస్తారు, కాటా గదికి ఒక్కరే చాలు. వైఫై మీద ఫైలు డేటాబేస్ తెరవడం ఎలాంటి పరిస్థితిలోనూ వద్దు, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇంకో సెట్టింగ్ గురించి చెప్పాలి, యాక్సెస్ వాడేవాళ్లకి పనికొస్తుంది. విండోస్ ఫైల్ షేరింగ్‌లో స్పీడు కోసం ప్రతి కంప్యూటర్ ఫైల్లోని భాగాల్ని తన దగ్గర అట్టిపెట్టుకోవడానికి ఆప్‌లాక్ అని, తర్వాతి వెర్షన్లలో లీజ్ అని అనుమతి తీసుకుంటుంది. 2018లో విండోస్ 10 వెర్షన్ 1803 వచ్చాక ఈ లీజుల దగ్గర తేడా వచ్చి, షేర్‌లో ఉన్న యాక్సెస్ ఫైళ్లు "ఇన్‌కన్సిస్టెంట్ స్టేట్"లో ఉన్నాయంటూ చాలా చోట్ల మొరాయించాయి. అప్పుడు మైక్రోసాఫ్టే ఫైలు ఉన్న కంప్యూటర్‌లో లీజింగ్ ఆపమని రిజిస్ట్రీ సెట్టింగ్ ఇచ్చింది. ఇక్కడ అసలు కారణం అది కాకపోయినా ముందుజాగ్రత్తగా ఆపాం. ఆపితే మిగతా ఫైళ్లు తెరవడం కాస్త నెమ్మదిస్తుంది, ఆ కంప్యూటర్‌లో వేరే పనేమీ లేదు కాబట్టి ఇబ్బంది లేదు.

బ్యాకప్‌లు ఉన్నాయి, కానీ మధ్యాహ్నం అందరూ పని చేస్తుండగా ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నారు. రాస్తున్న ఫైలుని కాపీ చేస్తే ఆ కాపీలో సగం రాతలు ఉండొచ్చు. రాత్రి పదికి ఫ్రంటెండ్‌లు తమంతట తాము మూసుకునేలా పెట్టి, తర్వాత లాక్ ఫైలు లేదని చూసుకున్నాకే కాపీ తీసే స్క్రిప్ట్ పెట్టాం. అన్నట్టు, ఇంటి నుంచి చూసుకోవాలని ఫైలుని గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో పెట్టమని ఓనరు గారికి ఎవరో సలహా ఇచ్చారు. దయచేసి వద్దు. అవి ఫైలు మొత్తాన్ని ఒక ముక్కగా చూసి పైకీ కిందకీ మోస్తాయి, రికార్డు లాక్ అంటే వాటికి తెలియదు. ఇద్దరు మారిస్తే రెండు ఫైళ్లు మిగులుతాయి, ఏది అసలో ఎవరూ చెప్పలేరు. రాత్రి తీసిన బ్యాకప్ కాపీని అక్కడికి పంపడం మంచిదే, నడుస్తున్న ఫైలుని మాత్రం కాదు.

ఇవన్నీ అయ్యాక సీజన్ చివరిదాకా ఫైలు పూర్తిగా పాడవలేదు. కానీ ఇది తగ్గించిన ప్రమాదమే తప్ప పోయిన ప్రమాదం కాదని ఓనరు గారికి స్పష్టంగా చెప్పాను.

సెలవుల్లో సర్వర్‌కి మార్చడం

ఎండాకాలంలో యార్డుకి సెలవులిస్తే సరుకు కదలదు. అప్పుడు టేబుళ్లన్నిటినీ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022 ఎక్స్‌ప్రెస్‌కి మార్చాం. అది ఉచితం, ఒక డేటాబేస్ 10 జీబీ దాకా పెరగొచ్చు, వీళ్లకి చాలా ఏళ్లు సరిపోతుంది. ఫారాలు అవే యాక్సెస్ ఫారాలు, కాబట్టి గుమస్తాలకి కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ రాలేదు. కింద లింకులు మాత్రం మారాయి.

టేబుళ్లు ఎక్కించడం పెద్ద పని కాదు, మైక్రోసాఫ్ట్ మైగ్రేషన్ అసిస్టెంట్ చేసిపెడుతుంది. తర్వాత వచ్చే చిన్న చిన్న మెలికలే మనిషిని తినేస్తాయి. ఎక్స్‌ప్రెస్ ఇన్‌స్టాల్ చేయగానే వేరే కంప్యూటర్ నుంచి కనెక్ట్ అవ్వదు, టీసీపీ ఐపీ (నెట్‌వర్క్ మీదుగా వచ్చే దారి) ఆపేసి ఉంటుంది, దాన్ని ఆన్ చేసి ఫైర్‌వాల్‌లో పోర్టు తెరవాలి. అవును కాదు గడుల్లో ఖాళీ విలువ ఉండిపోతే, ఎవరూ ముట్టుకోని రికార్డుని సేవ్ చేసినా "వేరే యూజర్ మార్చాడు" అని యాక్సెస్ గొడవ పెడుతుంది, ఆ గడులన్నిటికీ డిఫాల్ట్ సున్నా పెట్టి ఖాళీ ఒప్పుకోకుండా చేయాలి, ప్రతి టేబుల్‌కీ ఒక రోవెర్షన్ కాలమ్ (రికార్డు మారిందో లేదో చూపించేది) కలపాలి. ఆటోనంబరు ముందైతే టైపు చేయడం మొదలుపెట్టగానే కనిపించేది, ఇప్పుడు సేవ్ అయ్యాకే వస్తుంది, దాని మీద ఆధారపడిన కోడ్ అంతా వెతికి మార్చాలి. కోడ్‌లో రికార్డ్‌సెట్ (టేబుల్లోంచి తెచ్చుకునే రికార్డుల గుంపు) తెరిచే చోట్ల సీ ఛేంజెస్ ఆప్షన్ కలపాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది లాట్ నంబరు గురించి. పాత ప్రోగ్రాం ఫారం తెరిచినప్పుడే ఉన్న పెద్ద నంబరుకి ఒకటి కలిపి చూపించేది. ఇద్దరు ఒకే టైముకి ఫారం తెరిస్తే ఇద్దరికీ ఒకే నంబరు. ప్రైమరీ కీ ఉన్నంతకాలం రెండోవాడికి ఎర్రర్ వచ్చి ఆగేది, అది పోయాక ఆపేవాళ్లు లేరు. పోనీ సర్వర్‌లో నంబర్లు తనంతట తానే ఇచ్చే ఐడెంటిటీ కాలమ్‌కి వదిలేద్దామంటే, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక్కసారిగా ఆగి మళ్లీ లేచినప్పుడు ఐడెంటిటీ ఏకంగా 1000 ముందుకి దూకే అవకాశం ఉంది, 2012 వెర్షన్ నుంచీ ఇంతే. కరెంటు పోయిన మర్నాడు లాట్ నంబరు 4310 తర్వాత 5310 పడితే గుమస్తాలు మధ్యలో వెయ్యి లాట్లు ఎటుపోయాయని వెతుకుతారు. అందుకని ఒకే ఒక్క వరస ఉన్న చిన్న టేబుల్‌లో చివరి నంబరు పెట్టి, లాట్ సేవ్ అయ్యే ట్రాన్సాక్షన్‌లోనే దాన్ని ఒకటి పెంచి తీసుకునేలా స్టోర్డ్ ప్రొసీజర్ (సర్వర్ మీదే నడిచే చిన్న ప్రోగ్రాం) రాశాం. సేవ్ విఫలమైతే నంబరు కూడా వెనక్కి వెళ్తుంది. లాట్ నంబరు మీద యూనిక్ ఇండెక్స్ ఎలాగూ ఉంది. ఫారం మీద మాత్రం సేవ్ అయ్యేదాకా నంబరు గడి ఖాళీగా ఉంటుంది. దీనికి అలవాటు పడటానికే వాళ్లకి కాస్త ఇబ్బందయింది.

ఓనరు గారికి నమ్మకం కుదరాలి కదా, ఆయన ముందే పరీక్ష పెట్టాం. ఒక కంప్యూటర్‌లో ఐదు వందల డమ్మీ లాట్లు వరసగా ఎక్కించే బటన్ నొక్కి, మధ్యలో నెట్‌వర్క్ కేబుల్ పీకేశాను. ముందు పాత ఫైలు కాపీ మీద: రెండో పీకుడుకే మిగతా కంప్యూటర్లలో కూడా గుర్తించలేని ఫార్మాట్ అని వచ్చేసింది. తర్వాత సర్వర్ మీద: పీకిన కంప్యూటర్‌లో ఓడీబీసీ (యాక్సెస్‌ని సర్వర్‌తో కలిపే లింకు) ఎర్రర్ వచ్చింది, అక్కడ యాక్సెస్ మూసి తెరవాల్సి వచ్చింది, మిగతావాళ్లు ఏమీ జరగనట్టే ఎంట్రీలు కొట్టుకుంటున్నారు. టేబుల్లో చూస్తే సేవ్ అయినవి పూర్తిగా ఉన్నాయి, సగంలో ఆగినది అసలు లేదు. ఎన్నిసార్లు పీకినా అంతే. ఆయన కూడా లేచి తన చేత్తో ఒకసారి పీకి చూశారు.

ఎక్స్‌ప్రెస్‌లో ఆటోమేటిక్‌గా బ్యాకప్ తీసే ఏజెంట్ ఉండదు. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో బ్యాకప్ కమాండ్ నడిపిస్తున్నాం, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. జనం పని చేస్తున్నా ఈ బ్యాకప్ సరిగ్గానే వస్తుంది, ఫైలు కాపీకీ దీనికీ అదే తేడా. నెలకోసారి ఒక బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి, ఆ రోజు గేటు రిజిస్టర్‌తో లాట్ల సంఖ్య కలుస్తోందో లేదో గుమస్తా గారు చూస్తారు.

యాక్సెస్ ఒక్కదాని మాట కాదిది. ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్‌లో రాసి ఇప్పటికీ నడుస్తున్న ప్రోగ్రాంలు ఇంతే, ఇండెక్స్ ఫైళ్లు చెడుతూనే ఉంటాయి, విజువల్ ఫాక్స్‌ప్రోకి సపోర్టు 2015లోనే ఆగిపోయింది. కొత్త కుర్రాళ్లు ఎస్‌క్యూలైట్ అనే ఇంకో రకం డేటాబేస్ ఫైలుని షేర్‌లో పెడుతున్నారు. నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్‌ల మీద లాకింగ్‌ని నమ్మొద్దని దాని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, అందులోని డబ్ల్యూఏఎల్ అనే రాత పద్ధతి అయితే వేరు వేరు కంప్యూటర్ల నుంచి అసలు పనిచేయదు, దానికి అందరూ ఒకే మెషీన్ మీద ఉండాలి. నాస్ బాక్సు (నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె) కొంటే సరిపోతుందా అని అడుగుతారు. నాస్ కూడా బైట్లు ఇచ్చేదే, ఇంజిన్లు మళ్లీ మీ కంప్యూటర్లలోనే. ఇద్దరు ముగ్గురు, మంచి కేబుళ్లు, స్విచ్‌కి యూపీఎస్, విడదీసిన ఫ్రంటెండ్, ఇలా ఉంటే షేర్‌లో యాక్సెస్ ఫైలు ఏళ్ల తరబడి నడిచిన ఆఫీసులు నాకు తెలుసు, వాటిని మార్చమని నేను చెప్పను. అయిదారుగురు దాటి, మధ్యలో వైఫై దూరి, పోతే మళ్లీ రాని లెక్క అందులో ఉంటే మాత్రం సర్వర్‌కి వెళ్లాల్సిందే.

ఇప్పుడు ఓనరు గారు నరసరావుపేట వైపు ఇంకో కోల్డ్ స్టోరేజి లీజుకి తీసుకుంటున్నారు, అక్కడి నుంచి కూడా ఇదే డేటాబేస్‌కి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసే ప్రైవేట్ లైను) మీద లింకులు కలపమంటున్నారు. యాక్సెస్ ఫారాలు అంత దూరం నుంచి నేరుగా లింకు పెడితే పాడవ్వవు కానీ బాగా నెమ్మదిస్తాయి, లైను తెగినప్పుడల్లా మూసి తెరవాలి. అక్కడివాళ్లకి కాటా గదికి పెట్టినట్టే రిమోట్ డెస్క్‌టాప్ పెడదామన్నాను. ముగ్గురు ఒకేసారి రావాలి కాబట్టి దీనికి విండోస్ సర్వర్, దాని మీద రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సులు కొనాలి. కొటేషన్ ఇచ్చాను, పంట దిగేలోపు తేల్చమన్నాను.